ఓడ యడుగున పింగాణి

పింగాణి యను మాట మనకు పారసీకమునుండి వచ్చినది. వస్తువు మాత్రము చీనాది. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాలో సామాన్యుల యిండ్లకు సైత మది చేరుటకు తేయాకు వర్తకము ముఖ్యకారణము.

తేయాకు తేలికైన సరకు. తేమ తగిలిన చెడును; పొరుగు సరకు వాసన నిట్టే పట్టును. అందుచే నావికులు ఓడ యడుగున పింగాణి పెట్టెలను పరచి, వానిపై తేయాకు పెట్టెలను పేర్చెడివారు. అడుగున ఊరు నీరు పింగాణి నేమియు చేయజాలదు. దానికి వాసన లేదు. దాని బరువు ఓడను నిలకడగా నుంచును. జింగ్‌డెజెన్ కుమ్మరుల పనితనము వర్తకుని లెక్కలో తేయాకునకు వేసిన పీట! 1710లో జర్మనీలోని మైసెన్ నగరమున పింగాణి కార్ఖానా వెలసినను, అచటి పాత్రలు ధనికులకే దక్కెను. ఓడ యడుగున వచ్చిన నీలిచిత్రముల గిన్నెలే చవక.

1751 డిసెంబరులో కాంటను రేవు విడిచిన గెల్డర్‌మాల్సెన్ అను డచ్చి ఓడను చూడుడు. అందు 6,86,000 పౌనులకు పైబడిన తేయాకు, సుమారు 2,39,000 పింగాణి పాత్రలు, 147 బంగారు కడ్డీలు ఉండెను. పాత్రలలో తేనీటి గిన్నెలు, సాసర్లే అరువదివేలకు మించినవి. అయినను సరకు మొత్తము వెలలో పింగాణి పాలు నూటికి అయిదు ప్రాంతమే.

1752 జనవరి 3వ తేదీన దక్షిణచీనా సముద్రమున ఓడ రాతిదిబ్బకు తగిలి మునిగెను. 112 మందిలో 80 మంది మరణించిరి. తక్కిన 32 మంది రెండు పడవలలో బటావియా చేరిరి. ప్రాణములతో వచ్చినవారికి అచట లభించిన ఆదరణ చిత్రమైనది. బంగారమును దాచిరేమోయని కంపెనీ అధికారులు ఓడ సరంగును మరల మరల ప్రశ్నించిరి. అది ఓడతోనే మునిగినదని యాతడు చెప్పెను.

1985లో మైకేల్ హ్యాచరు అను నాతడు ఆ శిథిలమును కనుగొనెను. లక్షన్నరకు పైగా పాత్రలు పైకి వచ్చెను. కుళ్లిన తేయాకు మందమైన పొరగా కప్పియుండుటచే అవి చెక్కుచెదరలేదు; పింగాణి కాపాడవలసిన తేయాకే పింగాణిని కాపాడినది. మరుసటి యేడు ఆమ్‌స్టర్‌డామ్‌లో వానిని వేలము వేసిరి. ఓడ నిర్మాణమును, సరకు అమరికను సరిగా చిత్రించి యుంచలేదని పురావస్తు శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి, ఆక్షేపణ న్యాయమే. ఒకసారి చెదరిన శిథిలమును తిరిగి చదువలేము.

అచట దొరికినవానిలో నూటికి పైగా బంగారు కడ్డీలును ఉండెను. సరంగు మాట నిజమని తేలుటకు 233 సంవత్సరములు పట్టినది.