కిరాయికీ ఒక హద్దు

2017 రమ్జాన్‌లో లండన్‌లోని ఆపా వాళ్లింటికి పోయినప్పటి ముచ్చట ఇది. ఎండాకాలం కాబట్టి అక్కడ ఇషా నమాజే రాత్రి పదకొండుకు దగ్గర పడేది. వైట్‌చాపెల్ రోడ్డు మీదున్న ఈస్ట్ లండన్ మస్జిద్‌లో తరావీ చదివి బయటికొచ్చేసరికి పన్నెండు దాటిపోయింది. భాంజాతో కలిసి 25 నంబర్ బస్సెక్కుతూ కార్డు తాకించాను.

"తారీఖు మారిపోయింది కదరా, ఇది రేపటి ఖాతాలో పడుతుందేమో" అన్నాను.

వాడు నవ్వాడు. "లేదు మామూ, బస్సోళ్లకి ఇంకా నిన్ననే."

నాకు తమాషాగా అనిపించింది. మన ఇస్లామీ రోజు మగ్రిబ్‌తో మారుతుంది. గోడ మీది క్యాలెండర్ అర్ధరాత్రి మారుతుంది. లండన్ బస్సుల రోజు మాత్రం తెల్లవారుజామున 4:30కి మొదలై, మర్నాడు 4:29 దాకా నడుస్తుంది. కాబట్టి తరావీ నుంచి వచ్చేవాడైనా, హోటల్లో గిన్నెలు కడిగి రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరేవాడైనా ఇంకా అదే రోజు లెక్కలో ఉంటాడు.

మర్నాడు భాంజా నా కార్డును స్టేషన్లోని మెషీన్ మీద పెట్టి హిసాబ్ చూపించాడు. అప్పట్లో బస్ కిరాయి ఒకటిన్నర పౌండు. ముందురోజు నేను గంటల తేడాతో అయిదు బస్సులెక్కాను. మొదటి మూడింటికి 1.50 చొప్పున మొత్తం 4.50 పౌండ్లు పోయాయి. నాలుగో బస్సుకి సున్నా. అయిదోది, అంటే ఆ తరావీ బస్సుకీ సున్నా. బస్సుల వరకు రోజుకి హద్దు అప్పట్లో 4.50. దాన్ని వాళ్లు 'క్యాప్' అంటారు. హద్దు తాకాక ఇంకెన్ని బస్సులెక్కినా పైసా పోదు. నేను పాసు కొనలేదు, ఎవర్నీ రిఆయత్ అడగలేదు. కార్డే లెక్క చూసుకుని తనే ఆగిపోయింది.

ఇదేం పెద్ద బాత్ అనుకుంటారేమో. నాకు మాత్రం మా అబ్బా యాదికొచ్చారు.

అబ్బా టైలర్ షాపులో రోజువారీ లెక్కన పనిచేసేవారు. పాతబస్తీ నుంచి సికింద్రాబాద్ పోయి రావాలి. నెల పాసు తీసుకుంటే ఎంతో కొంత మిగిలేది. కానీ నెలకి సరిపడా పైసలు ఒక్కసారిగా ఆయన జేబులో ఎన్నడూ లేవు. అందుకే రోజూ టికెట్ కొనేవారు. మా పక్కింట్లో సర్కారీ నౌకరీ చేసే చాచా ఒకటో తారీఖున జీతం అందగానే పాసు తీసుకునేవారు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే దూరం. నెల తిరిగేసరికి ఎక్కువ కట్టింది మాత్రం గరీబు మనిషి. "పాసు సస్తా అంటారు బేటా. ఆ సస్తా కొనడానికే పైసలు కావాలి" అనేవారు అబ్బా.

లండన్ తారీఖ్ చదివితే అక్కడా ఇదే మస్‌లా కనిపించింది.

1981 అక్టోబర్‌లో గ్రేటర్ లండన్ కౌన్సిల్ బస్సు, రైలు కిరాయిలు దాదాపు మూడో వంతు తగ్గించింది. ఆ కౌన్సిల్ లీడర్ లేబర్ పార్టీకి చెందిన కెన్ లివింగ్‌స్టన్. తగ్గిన ఆమ్‌దనీని ఇళ్ల మీద పన్నుతో పూడ్చాలని వాళ్ల ఇరాదా. భూగర్భ రైలు సౌకర్యం లేని బ్రామ్లీ ప్రాంతం వాళ్లు "మేమెందుకు కట్టాలి" అని అదాలత్‌కి పోయారు. ఆ డిసెంబర్‌లోనే అక్కడి పై అదాలత్ జడ్జీలు ఆ తగ్గింపు కానూనుకి ఖిలాఫ్ అని ఫైసలా ఇచ్చారు. 1982 మార్చిలో కిరాయిలు రెట్టింపయ్యాయి. 1983 మేలో కౌన్సిల్ మళ్లీ కొంత తగ్గించి, ట్రావెల్‌కార్డు తెచ్చింది. దాంతో బస్సు, భూగర్భ రైలు రెండింట్లో తిరగొచ్చు. తర్వాత ఒక్కరోజు పాసులు కూడా వచ్చాయి.

పాసు మంచిదే. కానీ పాసు అంటే పొద్దున్నే పెట్టే షర్తు. ఈరోజు ఎన్నిసార్లు బస్సెక్కుతానో ముందే అందాజా వేసి పైసలు పెట్టాలి. తిరిగితే గెలుపు, తిరగకపోతే నుక్సాన్.

మా దుల్హేభాయి 2002లో అక్కడికి పోయారు. తెల్లారకముందే ఒక ఆఫీసులో సఫాయి పని, సాయంత్రం ఇంకో చోట. సాయంత్రం పని ఉందో లేదో మధ్యాహ్నం దాకా తెలిసేది కాదు. పొద్దున పాసు కొన్న రోజున పని లేదని ఫోన్ వచ్చేది. కొనని రోజున రెండు చోట్లకీ పరుగెత్తాల్సి వచ్చేది. "పనిలో పోయే తాకత్ కంటే ఈ హిసాబ్‌కే ఎక్కువ పోయేది" అని నవ్వుతూ చెప్పారు నాతో.

2003లో లండన్‌లో 'ఆయిస్టర్' అనే నీలం కార్డు వచ్చింది. ఆయిస్టర్ అంటే ముత్యపు చిప్ప. మోతీల షహర్ నుంచి పోయిన మనకి ఆ పేరు గుర్తుండిపోతుంది. లోపల చిన్న చిప్పు ఉంటుంది. ముందుగా డబ్బు వేసుకుంటే, తాకించిన ప్రతిసారీ కిరాయి కోసుకుంటుంది. మిగిలిన మొత్తం, పోయిన ప్రయాణాల వివరం ఆ చిప్పులోనే ఉంటాయి. యాదాష్త్ ఉన్న కార్డుకి ఈరోజు ఎంత ఖర్చయిందో తెలుసు. తెలిసినప్పుడు ఒక హద్దు దగ్గర ఆపడమూ ముమ్‌కిన్ అయింది.

2005 ఫిబ్రవరిలో ఆ హద్దు అమల్లోకి వచ్చింది. అప్పుడు దాన్ని ఒక్కరోజు పాసు ధర కన్నా 50 పెన్నీలు తక్కువగా పెట్టారు. అంటే షర్తు పెట్టకపోయినా ఓడిపోరు. అప్పటి మేయర్ ఎవరనుకున్నారు? 1981లో అదాలత్‌లో ఓడిన అదే కెన్ లివింగ్‌స్టన్.

అంతా ఇన్సాఫే జరిగిందని మాత్రం అనను. ఈ ఫాయిదా కార్డు ఉన్నవాళ్లకే. 2006 జనవరిలో లండన్ నడిబొడ్డున భూగర్భ రైలు ఎక్కితే కార్డుతో ఒకటిన్నర పౌండు, నగదుతో 3 పౌండ్లు. కార్డు లేని ముసాఫిర్ రెట్టింపు కట్టాడు. 2014 జూలైలో బస్సుల్లో నగదు తీసుకోవడమే బంద్ అయింది. అదే ఏడు సెప్టెంబర్‌లో బ్యాంకు కార్డుని నేరుగా గేటుకి తాకించి రైలెక్కే సౌకర్యం వచ్చింది. దాంతోపాటు సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికీ ఒక హద్దు వచ్చింది. ఇందులో లెక్క కార్డులో ఉండదు. తాకించిన వివరాలన్నీ ఆఫీసు కంప్యూటర్‌కి చేరి, రోజు ముగిశాక అక్కడ హిసాబ్ తేలుతుంది.

ఆ వారం హద్దు ఆయిస్టర్ కార్డుకి 2021 సెప్టెంబర్‌లోగానీ రాలేదు. నేను పోయిన 2017లో భాంజా బ్యాంకు కార్డు వాడేవాడు, దుల్హేభాయి దుకాణంలో నగదిచ్చి ఆయిస్టర్ నింపుకునేవారు. ఒకే ఇల్లు, ఒకే బస్సు. వారమంతా తిరిగితే కొడుక్కి రెండు హద్దులు, తండ్రికి ఒక్కటే. మా అబ్బా, పక్కింటి చాచా మళ్లీ నా కళ్లముందు నిలబడ్డారు. ఈసారి తేడా జేబులో పైసలది కాదు, ఏ కార్డు అన్నదానిది.

మీ పిల్లలు అక్కడ చదువుకో, నౌకరీకో పోయి ఉంటే ఈ మాటలు చెప్పండి. రోజంతా ఒకే కార్డు వాడాలి. పొద్దున కార్డు, సాయంత్రం ఫోను తాకిస్తే రెండూ వేర్వేరు ఖాతాలు, హద్దు తాకడం కష్టం. బస్సుకి ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. రైలుకి మాత్రం దిగేటప్పుడు కూడా తాకించాలి. మరిచిపోతే అతి పెద్ద కిరాయి పడుతుంది, అది హద్దు లెక్కలోకీ రాదు.

హైదరాబాద్ సిటీ బస్సుల్లో 24 గంటలు తిరిగే టీ-24 టికెట్ వచ్చింది. మంచిదే. కానీ అది కూడా ముందే కొనాల్సిన పాసు, పొద్దున్నే పెట్టే షర్తు. పాసులో నష్టపోయే భయం ముసాఫిర్‌ది. హద్దులో ఆ భయాన్ని బస్సు నడిపేవాళ్లు మోస్తారు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఈ సంగతంతా దుల్హేభాయితో అన్నాను. ఆయన సహరీకి రోటీలు వేడి చేస్తూ విన్నారు. 2005లో హద్దు వచ్చిన మొదటి వారం ఏం చేశారో చెప్పారు. రెండో పని లేదని మధ్యాహ్నం ఫోన్ వస్తే, ఎన్నడూ లేనిది, పొద్దున పెట్టిన పైసల గురించి ఆలోచించకుండా నేరుగా ఇంటికొచ్చి పడుకున్నారట.