లేని యంత్రం మీద బెంగ: రామచంద్రపురం బాల్యస్మృతిలో పోకెమాన్

జ్ఞాపకాన్ని చరిత్రకు ఆధారంగా స్వీకరించే ముందు, జ్ఞాపకంలోని వస్తువు నిజంగా ఆ చేతుల్లో ఉండేదా అన్నది తేల్చుకోవాలి. 2000 తర్వాతి తొలి దశకంలో రామచంద్రపురంలో బడికి వెళ్ళిన తరం పోకెమాన్ ఆటను తన బాల్యంలో భాగంగా తలచుకుంటుంది. ఆ ఆట పుట్టిన గేమ్ బాయ్ యంత్రాన్ని చూసినవారు మాత్రం ఆ తరంలో అరుదు. ఈ వ్యాసకర్త కూడా చూడలేదు. చేతికందని వస్తువు మీద బెంగ ఎలా ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నింటెండో సంస్థ గేమ్ బాయ్‌ను 1989లో జపాన్‌లో విడుదల చేసింది. ఆ యంత్రం కోసం 1996 ఫిబ్రవరి 27న 'పాకెట్ మాన్‌స్టర్స్' ఎరుపు, ఆకుపచ్చ పేర్లతో రెండు కూర్పులుగా వెలువడింది. వింతజీవులను పట్టి, పెంచి, పోగుచేయడం ఆట సారాంశం. రూపకర్త సతోషి తజిరి టోక్యో శివారులోని మచిదాలో పెరిగాడు. పురుగులు పట్టడం అతని బాల్యవ్యసనం. తోటి పిల్లలు 'పురుగుల డాక్టరు' అని పిలిచేవారట. పట్టణం విస్తరించి చెరువులూ పొలాలూ మాయమయ్యాక ఆ వేటకు చోటు లేకపోయింది. ఆ అనుభవాన్ని తర్వాతి పిల్లలకు అందించాలన్న తలంపే ఈ ఆటకు మూలం. అంటే పోకెమాన్ పుట్టుకలోనే ఒక బెంగ ఉంది.

తజిరి పోగొట్టుకున్నది మాకు అప్పటికింకా పోలేదు. నాడు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 2022లో కోనసీమ జిల్లాలో చేరిన ఈ పట్టణంలో కాలువగట్టు దూరం కాదు. తూనీగ తోకకు దారం కట్టేవాళ్ళం. తుమ్మచెట్ల మీద దొరికిన జీరంగిని అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేతగా వేసి, గాలికి చిల్లు పొడిచి బడికి తీసుకుపోయేవాళ్ళం. పచ్చగా మెరిసే జీరంగికి మారకం విలువ ఉండేది. గోళీలు ఇచ్చి తీసుకునేవారు. (ఆ పురుగులకు మేము పెట్టిన హింసను ఇప్పుడు సమర్థించలేను.)

పోకెమాన్ ఇక్కడికి ఆటగా రాలేదు. 2003లో కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా భారతదేశంలో కార్టూనుగా ప్రసారమైంది. వెంటనే చిప్స్ పొట్లాల్లో బొమ్మల బిళ్ళలు వచ్చాయి. శివరాత్రికి కోటిపల్లి, ద్రాక్షారామం తీర్థాల్లో అమ్మే చేతి వీడియో గేమ్‌లో ఇటుకలు పడడమే తప్ప జీవులు లేవు. అయినా దానిలోనే ఎక్కడో పికాచు దాగి ఉందని నమ్మినవాళ్ళున్నారు. అసలు ఆట చివరగా, నెట్ సెంటర్లలో గేమ్ బాయ్‌ను అనుకరించే ఎమ్యులేటర్ రూపంలో దొరికింది. జపాన్ పిల్లలకు ముందు ఆట, పిదప కార్టూను. మాకు వరుస తిరగబడింది.

ఈ తిరగబాటు వల్ల కలిగిన లోటు స్వల్పమైనది కాదు. ఎరుపు కూర్పులో ఎకాన్స్ దొరుకుతుంది, సాండ్‌ష్రూ దొరకదు. హాంటర్ వంటి నాలుగు జీవులు ఇంకొకరికి మారకం ఇస్తేనే తదుపరి రూపం పొందుతాయి. రెండు యంత్రాలను కేబుల్‌తో కలిపితే తప్ప 151 జీవుల జాబితా పూర్తికాదు. స్నేహితుడు లేనిదే పూర్తికాని ఆటగా తజిరి దీన్ని కల్పించాడు. నెట్ సెంటరు కుర్చీలో గంటకింత చెల్లించి కూర్చున్న పిల్లవాడికి ఆ కేబుల్ లేదు. మారకమంతా వీధిలోనే, బిళ్ళలతోనూ జీరంగులతోనూ జరిగింది. ఇవాళ మా తరం 'పోకెమాన్ ఆడాం' అన్నప్పుడు తెర మీది ఒంటరి ఆటనూ వీధిలోని మారకాన్నీ కలిపి ఒకే జ్ఞాపకంగా చెబుతున్నదని నా అభిప్రాయం. దాన్ని అబద్ధమనడం తొందరపాటు. ఆటలో లోపించిన సగాన్ని వీధి పూరించింది.

ఈ చరిత్రకు భౌతికాధారాలు నిలవవు. అసలు క్యాట్రిడ్జిలో పిల్లవాడు పోగుచేసినదాన్ని కాపాడేది ఒక గుండీ బ్యాటరీ. అది నీరసించిననాడు సేకరణంతా చెరిగిపోతుంది. మా సంగతి అంతకన్నా అల్పాయువు. నెట్ సెంటరులో మూడవ నంబరు కంప్యూటరును ఫార్మాట్ చేసిన రోజుతో నా ఆట పోయింది. అప్పటికి జాబితాలో సగానికి పైగా చేరాయి. హాంటర్ హాంటర్‌గానే ఉంది.