శుభ్రమైన ప్లగ్గు

బైకు స్పార్క్ ప్లగ్గు విప్పి చూడటమంటే ఇంజన్ లోపల ఏం జరుగుతోందో చదవడమే. కొన లేత గోధుమరంగులో ఉంటే అంతా సవ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ చేరుతోంది. తెల్లగా పాలిపోయిందంటే వేడి మితిమీరింది. మేం లాగ్ ఫైల్ చూసి ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో చెప్పినట్టు, మంచి మెకానిక్ ప్లగ్గు చూసి బండి జబ్బు చెప్పేస్తాడు. తర్వాత మసి తుడిచి, గ్యాప్ సరిచేసి బిగిస్తాడు. మరీ అరిగిపోతే కొత్తది వేస్తాడు.

ఈ చిన్న వస్తువు చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది సీసం కథ.

1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్‌గ్లీ ఒక సంగతి కనిపెట్టాడు. పెట్రోల్లో కాస్త టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజన్‌లో నాకింగ్, అంటే ఆ టకటక చప్పుడు, ఆగిపోతుంది. 1923 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటన్‌లో దాని అమ్మకం మొదలైంది. కానీ కాలిన సీసం ఆక్సైడుగా మారి ప్లగ్గుల మీద, వాల్వుల మీద పేరుకునేది. వేడెక్కితే ఆ పొరలోంచే కరెంటు జారిపోయేది, గ్యాప్‌లో నిప్పురవ్వ పడేది కాదు.

దానికి విరుగుడుగా ఇథిలీన్ డైబ్రోమైడ్ కలిపారు. అందులోని బ్రోమిన్‌తో కలిసి సీసం ఆవిరయ్యే రూపంలోకి మారి, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఆ బ్రోమిన్ కోసం 1934లో నార్త్ కరోలినా తీరాన సముద్రపు నీళ్ల నుంచి దాన్ని తీసే కర్మాగారమే నడిపారు. ప్లగ్గు శుభ్రపడింది. సీసం వీధిలోకి, అక్కణ్ణించి పిల్లల రక్తంలోకి చేరింది. మా వృత్తిలో ఇలాంటిది తెలిసిందే: తప్పు అలాగే ఉంటుంది, ఎర్రర్ మెసేజ్ మాత్రం రాదు.

ప్రమాదం తెలియక కాదు. మిడ్‌గ్లీ స్వయంగా 1923 మొదట్లో సీసపు విషం ఒంటబట్టి సెలవు పెట్టినవాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ ద్రవంతో పనిచేసిన ఐదుగురు కార్మికులు చనిపోయారు. అదే నెలాఖరున ఆయన విలేకరుల ముందు దాన్ని చేతుల మీద పోసుకుని, వాసన చూసి మరీ భయం లేదన్నాడు. 1965లో క్లెయిర్ పాటర్సన్, మన ఒంట్లో సీసం సహజంగా ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువుందని వాదించాడు. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరి 1న. అంటే ఇప్పుడు ముప్ఫైల్లో ఉన్న మా తరం, బడికి వెళ్లే దారిలో పీల్చింది ఆ పొగే. చివరగా అల్జీరియా 2021లో మానేసింది.

ప్లగ్గు రంగు చూసి బండి బాగుందో లేదో చెప్పొచ్చు. గాలి సంగతి చెప్పడం దాని పని కాదు. అది చూడాల్సిన ఇంజనీర్లు ప్లగ్గు తెల్లారేసరికి మళ్లీ పనిచేస్తే చాలనుకున్నారు.