రూపాయికి నలభై ఎనిమిది

ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794, 1797 తేదీలతో రాగి నాణేలు కొట్టించింది. కొట్టింది మచిలీపట్నంలో కాదు, బర్మింగ్‌హామ్ పక్కన సోహోలో, మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాల మీద. సరకు మూటల మీద కంపెనీ వేసుకునే గుర్తు, ఒక లాటిన్ వాక్యం, వాటితో పాటు ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషులో ఉంటుంది. సగం నాణెం మీద ‘రూపాయికి 96’. కేటలాగులు వీటిని మద్రాసు ప్రెసిడెన్సీ పేజీల్లో వరహాలు, పణాలు, కాసుల మధ్య ఇరికిస్తాయి. పరిపాలన లెక్కన అది సబబే. కానీ రాజమండ్రి, ఏలూరు సర్కారులు, అంటే ఇప్పటి గోదావరి డెల్టా, మద్రాసు కిందికి వచ్చాక కూడా ఇక్కడి చిల్లర రూపాయితోనే ముడిపడి ఉందనడానికి ఈ రాగి బిళ్లలే సాక్ష్యమని నా వాదన.

లెక్కలు తెలిసినవారు దీనికి గట్టి అభ్యంతరమే చెప్పగలరు. మద్రాసులో వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు, వెరసి 3,360 కాసులు. వరహా మూడున్నర రూపాయలైతే రూపాయికి 960 కాసులు. దాన్ని 48తో భాగిస్తే సరిగ్గా 20. అంటే పాత ఇరవై కాసుల డబ్బే రూపాయి వేషం కట్టిందన్నమాట. లెక్కలో తప్పు లేదు. అయితే మద్రాసు రూపాయిని ప్రామాణికం చేసుకుని 100 వరహాలకు 350 రూపాయలని ఖాయం చేసింది 1818లో. అంతకు ముందు మారకం షరాబు చేతిలో ఉండేది. పైగా అదే సోహోలో 1803లో మద్రాసు కోసం కొట్టిన రాగి నాణేల మీద 20 కాసులు, 10 కాసులు అనే ఉంది, రూపాయి ఊసే లేదు. కంపెనీ అదే, టంకశాల అదే, లెక్క వేరు. 48ని 16తో భాగించి చూడండి: అణాకు మూడు, ఒక్కోటి నాలుగు దమ్మిడీలు, శేషం లేదు. రెండు లెక్కలకూ ఒదిగే సంఖ్యను కావాలనే ఎంచుకున్నారనుకున్నా, ముఖాన రాసింది రూపాయినే.

ఆ ఇంగ్లీషు రాతను నరసాపురం సంతలో ఎవరు చదివారంటారా? న్యాయమైన ప్రశ్నే. 1808 ప్రాంతపు మద్రాసు వెండి పావు వరహా మీద తెలుగు రాత ఉంది. తెలుగు సీమకే పంపిన ఈ రాగి మీద ఒక్క తెలుగు అక్షరం లేదు! రైతు ఏమనుకున్నాడో, షరాబు ఎంత వట్టం పట్టుకున్నాడో ఈ రాత చెప్పదు. కొట్టించినవాళ్లు ఏ లెక్కలో చెల్లుతుందనుకున్నారో మాత్రం చెబుతుంది. 1835 తర్వాత వచ్చిన పావు అణా రూపాయికి 64. సేకర్తల పెట్టెలో దాని పక్కన ఉండాల్సింది ఈ నలభై ఎనిమిదో వంతే, 1803 నాటి ఇరవై కాసులు కాదు.