రాత్రి బడి పంతులుకి పాఠం ఎవరు చెప్పారు?

(మన చదువుల చరిత్ర – 9వ భాగం)



బడి ఎవరు పెట్టారో చరిత్రలో రాస్తారు. ఆ బడిలో చెప్పేవాళ్లకి చెప్పడం ఎవరు నేర్పారో రాయరు. సావిత్రిబాయి ఫూలే 1848లో పుణేలో ఆడపిల్లలకి పాఠాలు చెప్పిందని అందరికీ తెలుసు. ఆమె అహ్మద్‌నగర్‌లో, పుణేలో టీచర్ ట్రైనింగ్ తీసుకుందని మనలో ఎంతమందికి తెలుసు? 1855లో ఫూలే దంపతులు కూలీలకీ రైతులకీ రాత్రి బడి తెరిచారు. పగలంతా ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన పెద్దవాళ్లకి చెప్పడం వేరే విద్య. దాన్ని ఎవరో ఒకరు నేర్పాలి.

మన దగ్గరికొద్దాం. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44.09 శాతం. ఎస్సీ మహిళల్లో 20.92 శాతం. ఐదుగురిలో నలుగురికి అక్షరం అందలేదు. వాళ్లే మన అమ్మలు, అమ్మమ్మలు.

1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. జీతం లేని వాలంటీర్లే దానికి కాళ్లూ చేతులూ. (పెన్షన్ పంచిన వాలంటీర్లు కాదు, అంతకు ముప్పై ఏళ్ల ముందువాళ్లు.) పైన రిసోర్స్ పర్సన్లు, వాళ్ల కింద మాస్టర్ ట్రైనర్లు, చివర ఊళ్లో చదువు చెప్పే కుర్రాళ్లు, అమ్మాయిలు. ఒక్కొక్కరికి పదిమంది వరకూ చదువరులు, మూడు వాచకాలు, సుమారు 200 గంటలు. నిమిషానికి 30 మాటలు పైకి చదవగలగాలన్నది ఒక కొలమానం. తమ లేమికి కారణాలు తెలుసుకుని, సంఘటితమై దాన్ని మార్చుకోవడం కూడా అక్షరాస్యతేనని ఆ మిషనే రాసుకుంది.

ఆ రెండో మాట నెల్లూరు జిల్లాలో నిజమైంది. దూబగుంటలో ఆడవాళ్లు వాచకంలో 'సీతమ్మ కథ' చదివారు, సారా గురించి మాట్లాడుకున్నారు, రోశమ్మతో కలిసి సారాని ఊళ్లోకి రాకుండా ఆపారు. 1992 నాటికి జిల్లా అంతా కదిలింది. ముందు నిలిచింది ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల కూలి ఆడవాళ్లే. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదివించడంతో ఆగకుండా చర్చకి చోటిస్తే జరిగేది అది.

అయితే మూడు మెట్లు దిగేసరికి ట్రైనింగ్ పలచబడుతుంది. 30 మాటల లెక్క కిందిదాకా చేరుతుంది, చర్చ పైనే ఆగిపోతుంది. 2022లో మొదలై 'ఉల్లాస్'గా నడుస్తున్న కేంద్ర పథకం కూడా వాలంటీర్ల మీదే ఆధారపడింది. పరీక్షకి 150 మార్కులు. మార్కులు అక్షరాలకీ అంకెలకీ. ప్రశ్న అడగడానికి మార్కుల్లేవు.

మన చోడవరం సంగతి చూడండి. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. 2023 సవరణతో, పట్టా వచ్చి 20 ఏళ్లు దాటిన అసలు అసైనీలకి అమ్ముకునే హక్కొచ్చింది. అంటే రేపు పేటలో డి-పట్టా ఉన్న ప్రతి ఇంటికీ ఎవడో ఒకడు కాగితం పట్టుకొస్తాడు. సంతకం చేయడం మాత్రమే వచ్చిన పెద్దమ్మకి ఆ రోజు ఏ రక్షణా లేదు. చదవని కాగితం మీద సంతకం కూడా వేలిముద్రే.

అందుకే వాలంటీర్లుగా వెళ్లే విద్యార్థులకి నేను అడిగే ట్రైనింగ్ ఇది. మొదటిది పిలుపు. ఊరి కుర్రాడు పేటలో ముసలమ్మని 'ఒలే' అని పిలిచే అలవాటు గుమ్మం బయటే వదలాలి. 'పెద్దమ్మా', 'అప్పా' అని పిలవలేనివాడు అక్షరం చెప్పలేడు. రెండోది వేళ. చెరకు నరికే రోజుల్లో ఆమెకి కుదిరినప్పుడే బడి. మూడోది వాచకం. అచ్చు పుస్తకంతోపాటు ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, డి-పట్టా ముందు పెట్టుకోవాలి. అందులో ఆమె పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఆమే వేలుపెట్టి చూపించాలి. నాలుగోది మౌనం. ఆమె మాట్లాడుతుంటే అడ్డం రాకుండా వినడం. అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే.

మీ కాలేజీలో వాలంటీర్ల శిక్షణ జరిగితే ఈ నాలుగూ ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే పెట్టమనండి.