ఋణపత్రము – దాని వెనుక పుట

ధర్మశాస్త్రకారులు రాజు విచారింపదగిన వ్యవహారములను పదునెనిమిది పదములుగా విభజించిరి. చౌర్యము, సాహసము, పొలిమేర తగవు, దాయభాగము మున్నగునవి యన్నియు వానిలో కలవు. కాని మనువును నారదుడును ప్రథమస్థానము నొసగినది వీనిలో దేనికిని కాదు, ఋణాదానమునకు. అనగా అప్పు ఇచ్చుట, పుచ్చుకొనుట, వసూలు చేయుట. మనుష్యులు కలిసి బ్రతుకు చోట మొట్టమొదట పుట్టు తగవు అప్పు తగవే యని ఆ పెద్దలు గ్రహించి యుందురు.

కల్యాణి చాళుక్య చక్రవర్తి యగు ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యానమును రచించెను. 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజి ఆదరమునకు పాత్రుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. సంస్కృత మెఱుగనివానికి గూడ న్యాయశాస్త్రము సొంతభాషలో అందవలెనన్న తలంపు మన దేశమున అంత పాతది.

యాజ్ఞవల్క్యుడు కుదువపెట్టిన అప్పునకు నెలకు అసలులో ఎనుబదవ వంతు వడ్డీ విధించెను. మన లెక్కలో నూటికి నెలకు రూపాయి పావలా, సాలుకు పదునైదు రూపాయలు. కుదువ లేని అప్పునకు మాత్రము వర్ణక్రమమున నూటికి నెలకు రెండు, మూడు, నాలుగు, ఐదు చొప్పున వడ్డీ. అనగా సంఘమున అట్టడుగున నున్నవాడే అందఱికంటె హెచ్చు వడ్డీ నిచ్చుకొనవలెను. ఈ అన్యాయమును కప్పిపుచ్చి శాస్త్రమును పొగడుట తగదు. పేదవాని అప్పు ప్రియమగుట నాటినుండియు ఉన్నదే.

అయినను ఆ శాస్త్రమే రెండు గొప్ప కట్టుబాట్లను చేసెను. మొదటిది వడ్డీకి హద్దు. ధన మెన్నియేండ్లు నిలిచియున్నను అసలును వడ్డీయు కలిసి రెట్టింపును మించరాదు. ధాన్యమైనచో మూడింతలు, వస్త్రమైనచో నాలుగింతలు. ధనమునకు సంబంధించిన ఈ న్యాయమునకే తరువాతి కాలమున దాందుపట్ అను పేరు వచ్చెను. రెండవది చెల్లు. ఋణస్థుడు విడతలుగా చెల్లించిన పైకమును పత్రము వెనుక వ్రాయవలెను, లేదా ధనికుడు తన చేవ్రాలుతో రసీదు ఇయ్యవలెను. అప్పు తీఱిన పిదప పత్రమును చింపివేయవలెను. నేడు ప్రోనోటు వెనుక వేయు చెల్లు నాటి విధికి సంతానమే. పత్రము ముందు పుట ధనికునికి రక్ష. వెనుక పుట ఋణస్థునికి రక్ష.

తండ్రి అప్పును కొడుకు తీర్చవలెనని శాస్త్రము. కాని కల్లు త్రాగి చేసిన అప్పు, జూదపు అప్పు, స్త్రీవ్యసనమున చేసిన అప్పు, చెల్లింపక మిగిలిన దండుగయు సుంకమును కొడుకు తలపై పడవు. కుటుంబమునకై చేసిన అప్పు వేఱు, వ్యసనమునకై చేసిన అప్పు వేఱు అన్న వివేచన ఇందు కలదు.

ఇక వసూలు సంగతి. 13వ శతాబ్ది చివర దక్షిణతీరమునకు వచ్చిన వెనిసు వర్తకుడు మార్కోపోలో మన మోటుపల్లిని గూర్చియు వ్రాసినవాడే. అతడు మోటుపల్లికి దక్షిణముననున్న తమిళతీరపు ఆచార మొకటి చెప్పెను. పలుమార్లు అడిగినను బాకీ తీర్పనివాని చుట్టు ధనికుడు నేలపై గీత గీసినచో, సొమ్ము చెల్లించునంతవఱకు గాని హామీ ఇచ్చునంతవఱకు గాని అతడు ఆ గీత దాటరాదు, దాటినచో మరణదండనము. గుఱ్ఱముపై పోవుచున్న రాజునే ఒక పరదేశివర్తకుడు ఇట్లు గీతలో నిలిపెననియు, బాకీ తీఱునంతవఱకు రాజు కదలలేదనియు, దానిని తాను కన్నులార చూచితిననియు అతడు వ్రాసెను. ఆ గీత రాజునకును రైతునకును ఒక్కటే యగుట యందలి విశేషము.

ధనికుడు ఋణస్థుని గుమ్మమున నిరాహారుడై కూర్చుండు ధర్నా మఱియొక పద్ధతి. ఇంటివాడు అన్నము తిన్న పాపము, కూర్చున్నవాడు చచ్చిన మహాపాపము. 1860 నాటి భారత శిక్షాస్మృతి 508వ సెక్షనున దైవాగ్రహము కలుగునని భయపెట్టి పని చేయించుటను నేరముగా నిర్ణయించి, ధర్నానే దృష్టాంతముగా చూపెను. దెబ్బకంటె సిగ్గు ఎక్కువ పనిచేయునని వసూలు చేయువారు నాటికే ఎఱుగుదురు.

1800లో దత్తమండలములు కుంఫిణీ వశమైన పిదప సర్ తామస్ మన్రో అచ్చట రైతువారీ పద్ధతికి పునాది వేసెను. క్రమముగా శిస్తు రొక్కమున, కిస్తుల చొప్పున కట్టుట రాజధాని యంతట వాడుకయయ్యెను. పంట ఇల్లు చేరకముందే కిస్తు వచ్చును. గింజ అమ్ముడుపోకముందే రొక్కము కావలెను. ఆ నడిమి నెలలలోనే సావుకారు అవసరము పుట్టెను. కట్టలేనివానిని మెడను కాళ్ళకు వంచి కట్టుట, వ్రేళ్ళను కఱ్ఱల నడుమ నొక్కుట మున్నగు హింసలు జరిగినట్లు చెన్నరాజధానిలో నియమితమైన విచారణసంఘము 1855లో నివేదించెను. అట్టి భయమున నున్న రైతు ఎంత వడ్డీకైనను చేవ్రాలు చేయును. సావుకారొక్కడే దోషి యనుట చరిత్ర కాదు. సర్కారు కిస్తును నిలువబెట్టినది సావుకారు పెట్టెయే.

ఆ 1855లోనే మఱియొక మార్పు జరిగెను. 1802 నాటి మద్రాసు రెగ్యులేషను సాలుకు నూటికి పన్నెండు రూపాయలని పెట్టిన వడ్డీ హద్దును 1855వ సంవత్సరపు 28వ ఆక్టు తీసివేసెను. ఒప్పుకొన్నంత వడ్డీ ఇచ్చుకొనవలసినదే. బొంబాయి రాజధానిలో న్యాయస్థానములు దాందుపట్ న్యాయమును హిందువుల విషయమున పాటించుచుండగా, మద్రాసు రాజధానిలో అది చెల్లలేదు. విజ్ఞానేశ్వరుని తెలుగున చదువుకొన్న దేశముననే ఆ హద్దు లేకపోయెను.

1859లో కాలపరిమితి చట్టము వచ్చెను. మామూలు పత్రమునకు మూడేండ్లు దాటిన కాలదోషము పట్టును. ఇది ఋణస్థుని మేలుకే యని తోచును. కాని జరిగిన దేమి? మూడేండ్లు నిండకముందే సావుకారు వడ్డీని అసలులో కలిపి క్రొత్త పత్రము వ్రాయించుకొనసాగెను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి నూరు రూపాయలు తెచ్చినవాడు మూడేండ్లకు నూటడెబ్బదిరెండు రూపాయలకు నోటు తిరిగి వ్రాయును. ఆఱవయేట అది దాదాపు 296, తొమ్మిదవయేట 508 దాటును, పండ్రెండవయేట 875. శాస్త్రపు హద్దు ప్రకారము ఎన్నటికిని 200 దాటరాని అప్పు ఇది. నడుమ అతడు కొలిచిన ధాన్యమునకు వెనుక పుటను చెల్లు పడినదో లేదో, చదువురాని వానికి తెలియదు. నోటు మారినపుడెల్ల పాత నోటుతోపాటు పాత చెల్లును మాయమగును.

ఈ బాధ ఎంతవఱకు పోగలదో 1875లో మహారాష్ట్రము చూపెను. అమెరికా అంతర్యుద్ధకాలమున (1861–65) ప్రత్తి ధర పెరుగగా సావుకార్లు అడిగినంత అప్పిచ్చిరి. యుద్ధము ముగిసి ధర పడిపోగా శిస్తు పెరిగినది, అప్పు ఆగినది, వసూలు మొదలైనది. 1875 మే 12వ తేదీన పూనా జిల్లా సూపా గ్రామమున రైతులు సావుకార్ల ఇండ్లపై పడిరి. వారు ముఖ్యముగా కోరినవి పత్రములు. అవి చేజిక్కిన చోట తగులబెట్టిరి. తాము చదువలేని కాగితమునకే తమ పొలము కట్టుబడి యున్నదని వారెఱుగుదురు. 1879లో వచ్చిన దక్కను రైతుల సహాయచట్టము రైతు పత్రములను గ్రామ రిజిస్ట్రారు ఎదుట వ్రాయవలెనని, చెల్లించిన సొమ్మునకు రసీదు ఇయ్యవలెనని, లెక్క అడిగిన చూపవలెనని, న్యాయస్థానము అప్పు పూర్వచరిత్రను విచారింపవలెనని విధించెను. యాజ్ఞవల్క్యుడు చెప్పిన వెనుక పుటయే మరల చట్టమున ప్రవేశించెను.

చెన్నరాజధానిలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ 1895–97లో వ్యవసాయబ్యాంకులపై గొప్ప నివేదిక వ్రాసి, జర్మనీలో రైఫైజెన్ స్థాపించిన పల్లె పరపతి సంఘముల వంటివి మనకును కావలెనని చెప్పెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. అయినను అప్పు తఱుగలేదు. రాజధాని రైతుల ఋణము 1895లో 45 కోట్ల రూపాయలని నికల్సన్, 1930లో 150 కోట్లని బ్యాంకింగు విచారణసంఘము, 1935లో 200 కోట్లని సత్యనాథన్ అంచనా వేసిరి. 1929లో మొదలైన ఆర్థికమాంద్యమున ధాన్యపు ధర కూలెను. రూపాయలలో వ్రాసిన అప్పు మాత్రము కూలలేదు. బస్తాలలో లెక్కించినచో ఎవడును క్రొత్తగా తేకయే అప్పు పెరిగినది.

మన్యములలో అప్పు మనుష్యునే పట్టుకొన్నది. విశాఖ మన్యమున గోతి యనియు, హైదరాబాదు రాజ్యమున భగేలా యనియు వ్యవహరింపబడిన పద్ధతులలో కొద్ది సొమ్మునకు తండ్రి, అతని పిదప కొడుకు, చాకిరికి కట్టుబడిరి. 1917 నాటి ఏజన్సీ చట్టము గిరిజనుల అప్పులపై వడ్డీ సాలుకు 24కు మించరాదని, మొత్తము వడ్డీ అసలును దాటరాదని శాసించెను. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా ఒప్పందములపై, 1940లో మద్రాసు ప్రభుత్వము ఏజన్సీ ఋణదాస్యముపై రెగ్యులేషనులు చేసెను. వెట్టికి దేశవ్యాప్తమైన నిషేధచట్టము 1976లో వచ్చినది.

మైదానపు రైతుకు 1938లో రాజగోపాలాచారి ప్రభుత్వము చేసిన మద్రాసు వ్యవసాయదారుల సహాయచట్టము ఊపిరి పోసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయ్యెను. అప్పటికే అసలునకు రెట్టింపు చెల్లించినవాని అప్పు పూర్తిగా తీఱినట్లే. మద్రాసు న్యాయస్థానములు విడిచిన దాందుపట్ ఇట్లు తిరిగివచ్చెను. నిజాయితీగా అప్పిచ్చినవారి వడ్డీయు దీనిలో పోయినమాట నిజమే. కాని ఈ చట్టపు ఫలము పొందుటకు రైతు తానెంత చెల్లించెనో రుజువు చేయవలెను గదా! వెనుక పుట ఖాళీగా నున్నవానికి రెట్టింపు చెల్లించిన రుజువెక్కడిది?

స్వాతంత్ర్యానంతరము 1951–52లో జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలన రైతు అప్పులో సహకార సంఘముల పాలు నూటికి మూడేయనియు, వడ్డీవ్యాపారుల పాలు డెబ్బదికి చేరువ యనియు 1954లో తేల్చెను. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యెను. 1975లో గ్రామీణబ్యాంకులు, 1982లో నాబార్డు వచ్చెను. 1980లో సుప్రీంకోర్టు, చెల్లించు శక్తి లేనివానిని అప్పునకై చెఱసాలకు పంపుట రాజ్యాంగపు 21వ అధికరణమునకు విరుద్ధమని చెప్పెను. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను రైతు పనిముట్లను, ఎడ్లను, విత్తనపు ధాన్యమును జప్తునుండి కాపాడుచునే యున్నది.

ఐనను 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మఋణముల వసూలు ఘోరరూపము దాల్చెను. గుంపు పూచీకత్తు వలన ఇరుగుపొరుగు స్త్రీలే వసూలుదార్లైరి. గుమ్మమున ధర్నా వారము వారము జరిగెను. ఆత్మహత్యల వార్తలు వచ్చెను. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో చట్టము వచ్చి, వడ్డీ అసలును మించరాదని, వసూలు ఇంటి గుమ్మమున గాక పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగస్థలమున జరుగవలెనని విధించెను. రిజర్వుబ్యాంకు అదుపులోని సంస్థలకు ఆ చట్టము వర్తింపదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. రిజర్వుబ్యాంకు తానును 2022 ఆగస్టులో, వసూలుదార్లు బెదరించుట గాని నలుగురిలో అవమానించుట గాని కూడదని, ఉదయము 8 గంటలకు ముందును సాయంత్రము 7 తరువాతను బాకీకై ఫోను చేయరాదని సంస్థలకు ఆదేశించెను. 2024లో, అప్పు వివరపత్రము ఋణస్థునికి తెలిసిన భాషలో నుండవలెననియు నిర్ణయించెను.

కేతన తెలుగున పద్యము కట్టిననాటినుండి ఈ ఆదేశమువఱకు ఏడువందల యేండ్లకు పైగా గడచినవి. గీత, ధర్నా, కిస్తు, జప్తు, ఫోను, ఇట్లు వసూలు వేషము మారినది. హద్దు, చెల్లు అను రెండు రక్షలు మాఱలేదు. అవి చట్టమున నున్నంత మాత్రమున రైతుకు దక్కలేదు. పత్రమున అసలెంత, వడ్డీ నెలకా సాలుకా, తేదీ ఏది అని తానే చదువుకొన్నవానికి దక్కినవి. చెల్లు వేయునపుడును జాగ్రత్త వలయును. ఋణస్థుని చేవ్రాలుతో పడిన చెల్లు అతని సొమ్మును కాపాడుటయే గాక, గడువు లోపల పడినచో పత్రమునకు క్రొత్త గడువును గూడ ఇచ్చును. కావున తేదీ లేని చెల్లు క్రింద, అంకె లేని కాగితము క్రింద చేవ్రాలు చేయరాదు. పైకము చెల్లించిననాడే రసీదు తీసికొనవలెను. బాకీ తీఱిననాడే పత్రము తిరిగి పుచ్చుకొనవలెను.

అప్పులేనివాడే అధిక సంపన్నుడని సామెత. అట్టి సంపద వర్షాధారపు సేద్యమున అందఱికి లభింపదు. అప్పు చేయుట తప్పు కాదు. చదువక చేవ్రాలు చేయుట ప్రమాదము. ఒక ఊరి గ్రంథాలయము రామాయణభారతములను చదివించినది, వార్తాపత్రికలను చదివించినది. దాని దీపము క్రింద అక్షరములు నేర్చిన కూలి యొకడు తన నోటు వెనుక పుటను త్రిప్పి, చెల్లు పడలేదే యని అడుగగల్గినచో, ఆ గ్రంథాలయము ఆ యింటికి చేసిన మేలు తక్కువది కాదు.