గాలి రావలె, వాన రాకూడదు: స్నార్కెల్ కథ

విజయవాడ నుండి మైలవరం మీదుగా భద్రాచలం పోయే దారిలో తిరువూరు ఉన్నది. ఆ ప్రాంతంలో వానకాలం వచ్చిందంటే వాగులు పొంగుతాయి. కట్టలేరు చప్టాల మీదుగా పారినప్పుడు ఊళ్ళ మధ్య రాకపోకలు నిలిచిపోవడం అక్కడివారికి కొత్త కాదు. ఇట్టి దారుల కోసం, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే జీపులకు ఒక పొడవైన గాలిగొట్టం అమర్చుకోవడం ప్రపంచంలో అనేకచోట్ల ఉన్నది. ఇంజనుకు కావలసిన గాలిని పైకప్పు ఎత్తు నుండి తెచ్చే ఈ గొట్టానికే స్నార్కెల్ అని పేరు. దానిని ఇంటివద్దనే తయారుచేసుకొనేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. కింది నుండి వచ్చే వాగునీరు తప్పింది సరే. పైనుండి పడే వాన మాటేమిటి?

ముందుగా నీరు ఇంజనుకు చేసే హాని ఎట్టిదో చూద్దాం. నాలుగు సిలిండర్ల 2.5 లీటర్ల డీజిల్ ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సుమారు 625 ఘనపు సెంటీమీటర్ల గాలిని లోనికి పీల్చుకొంటుంది. సంపీడన నిష్పత్తి 18 అయితే, పిస్టను పైకొసకు చేరేసరికి దాని పైన మిగిలే చోటు 37 ఘనపు సెంటీమీటర్లు మాత్రమే. గాలి అణగుతుంది, నీరు అణగదు. అంతకు మించిన నీరు సిలిండరులో చేరితే పిస్టను మధ్యలోనే ఆగిపోతుంది, దానిని నెట్టే కడ్డీ వంగిపోతుంది. నాలుగు చెంచాల నీరు ఒక ఇంజనును పాడుచేయగలదన్నమాట. అయితే గాలితోపాటు పోయే సన్నని తుంపర వల్ల ఇంత ప్రమాదం లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కొన్ని విమానాల ఇంజన్లలోనికి కావాలనే నీటితుంపర చిమ్మేవారు. హాని చేసేది ఒకచోట నిలిచి, ఒక్కసారిగా లోనికి పోయే నీరు.

నీటి పైనుండి ఊపిరి తీసుకొనే ఉపాయం ప్రకృతిలోనే ఉన్నది. ఏనుగు తొండాన్ని, నీటిలో మునిగేవారు గాలి పీల్చుకొనే సాధనంతో అరిస్టాటిల్ క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే పోల్చాడు. ఇంజనుకు అట్టి తొండాన్ని ఇచ్చినది నౌకాదళం. డచ్చి నౌకాదళాధికారి విచర్స్ 1930లలో, జలాంతర్గామి నీటి అడుగున ఉండగానే దాని డీజిల్ ఇంజన్లకు గాలి అందించే గొట్టాన్ని రూపొందించాడు. 1940లో హాలెండును ఆక్రమించిన జర్మన్లకు అట్టి జలాంతర్గాములు చిక్కాయి. 1943-44 సంవత్సరాలలో వారు తమ జలాంతర్గాములకు ఆ గొట్టాన్ని బిగించారు. స్నార్కెల్ అనే పేరు కూడా జర్మన్ భాష నుండి వచ్చినదే.

కెరటం వచ్చి గొట్టం కొసను ముంచితే ఏమి చేయాలి? అందుకు వారు కొసన ఒక తేలే మూత పెట్టారు. నీరు ఎక్కగానే అది మూసుకొనేది. మూసుకొన్నంతసేపూ ఇంజన్లు జలాంతర్గామి లోపలి గాలినే లాగివేయడంతో నావికుల చెవులు నొప్పి పెట్టేవి. క్షణకాలం నిలిచే కెరటానికి ఈ మూత చాలు. గంటల తరబడి కురిసే వానలో జీపు ముక్కు మూసి కూర్చోవడం కుదరదు.

నేలమీది వాహనాలకూ ఈ గొట్టం యుద్ధకాలంలోనే వచ్చింది. 1944 జూన్‌లో నార్మండీ తీరాన దిగిన జీపులకు, లారీలకు గాలిగొట్టాలను, పొగగొట్టాలను ఎత్తి అమర్చారు. అవి ఓడ దిగి గట్టు చేరే కొద్ది నిమిషాలకు చేసిన ఏర్పాట్లు. ఏళ్ళ తరబడి ఎండావానలలో తిరిగే వాహనానికి తగిన ఉపాయం మరొక దిక్కు నుండి రావలసి వచ్చింది.

ఆ దిక్కు మిల్లు, పొలం. గాలిని సుడి తిప్పితే అందులోని బరువైన రేణువులు అపకేంద్ర బలం చేత గోడకు కొట్టుకొని కిందికి జారుతాయి. ఈ సూత్రంతో పనిచేసే దుమ్ము సేకరించే యంత్రానికి 1885లో అమెరికాలో జాన్ ఫించ్ పేటెంటు పొందాడు. దుక్కిదుమ్ముకు ట్రాక్టర్ల ఇంజన్లు అరిగిపోవడం చూచి, 1915లో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ మిన్నెసోటాలో ట్రాక్టరుకు గాలిని శుభ్రపరచే సాధనం తయారుచేశాడు. మన పొలాలలోని పాత ట్రాక్టర్ల ముందుభాగాన నిలువుగొట్టంపై కనిపించే పుట్టగొడుగు వంటి టోపీ ఈ కోవలోనిదే. దుమ్మును విసరివేసే సుడి వానచినుకునూ విసరివేస్తుంది. చినుకు దుమ్ముకంటె బరువైనది కనుక ఆ పని మరింత సులువు.

సుడి లేని సాదా గొట్టం మాటేమిటి? ఇక్కడ చినుకు వేగం తెలియాలి. 1904లో లేనార్డ్ అనే శాస్త్రజ్ఞుడు కిందినుండి పైకి వీచే గాలిలో చినుకులను నిలబెట్టి వాటి వేగాలను కొలిచాడు. 1949లో గన్, కింజర్ ఇంకా ఖచ్చితంగా కొలిచారు. 1 మిల్లీమీటరు చినుకు సెకనుకు సుమారు 4 మీటర్లు, 2 మిల్లీమీటర్ల చినుకు సుమారు 6.5 మీటర్లు పడుతుంది. పైన చెప్పిన ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 62 లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. గొట్టం వ్యాసం 75 మిల్లీమీటర్లయితే అందులో గాలి వేగం సెకనుకు 14 మీటర్లు. ఇది ఏ చినుకునైనా ఎత్తుకుపోగలదు. మూతిని 150 మిల్లీమీటర్లకు వెడల్పు చేస్తే వేగం నాలుగో వంతుకు, అంటే 3.5 మీటర్లకు తగ్గుతుంది. ఆ మూతిని చేతికర్ర పిడివలె కిందికి వంచితే పెద్ద చినుకులు పైకి ఎక్కలేవు.

మూతి ఆకాశం వైపు తెరచి ఉంటే, రాత్రి 10 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు నిలిపి ఉంచిన జీపు గొట్టంలో 440 ఘనపు సెంటీమీటర్ల నీరు చేరుతుంది. ఆ నీరు పోవడానికి గొట్టం అడుగున రంధ్రం చేయడం మరొక పొరపాటు. వాగులో అదే రంధ్రం నీటిని లోనికి తెస్తుంది. కనుక నీరు పోయే చీలికలు తలవద్దనే ఉండాలి. అతుకులన్నీ గాలి చొరనంత బిగువుగా ఉండాలి. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఉండగా మూతికి ఒక పలక అడ్డుపెడితే పరీక్ష తేలిపోతుంది. ఇంజను ఆగిపోతే అతుకులు మంచివి. ఆగకపోతే గాలి మరెక్కడినుండో వస్తున్నది, ఆ దారినే నీరూ వస్తుంది.

ఇంత చేసినా స్నార్కెల్ కాపాడేది ఇంజనును మాత్రమే. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల పొడవు గల జీపు అడుగుభాగం 30 సెంటీమీటర్లు నీట మునిగి, లోనికి నీరు రాకుంటే, ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం సుమారు 1500 కిలోల బరువు తేలిపోతుంది. అప్పుడు చక్రాలకు నేలపై పట్టు ఉండదు; ప్రవాహం ఎటు నెడితే అటే పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు నీటిబలం ఎట్టిదో ఈ ప్రాంతమంతా చూచింది. గొట్టం ఎంత ఎత్తున ఉన్నా, చప్టా మీద నీరు పారుతున్నప్పుడు గట్టుమీద ఆగడమే క్షేమం.